పికప్ ట్రక్కులో రెండు బ్యాటరీల అమరిక

ఇంజన్‌ను స్టార్ట్ చేసే బ్యాటరీకి తోడుగా పికప్ ట్రక్కులో మరో బ్యాటరీ పెట్టి, రెండింటినీ ఒకే ఆల్టర్నేటర్‌తో చార్జి చేసుకునే ఏర్పాటును రెండు బ్యాటరీల అమరిక అంటారు. బండి ఆగి ఉన్నప్పుడు ఫ్రిజ్, లైట్లు, నీటి పంపు, రేడియో సెట్టు రెండోదాని మీద నడుస్తాయి. మొదటిది తెల్లవారి సెల్ఫ్ కొట్టడానికి నిండుగా మిగులుతుంది. ఆస్ట్రేలియా ఎడారి దారుల్లో తిరిగే పికప్‌లకు ఇది స్పేర్ టైరు తరువాత అంత ముఖ్యమైన సామగ్రి. కొనేవాళ్ళు ముందుగా అడిగేది బ్యాటరీ బ్రాండు, ఎన్ని ఆంపియర్-అవర్లు అని. ఆ రెండూ చివర తేలాల్సిన సంగతులు. బండిలో ఆల్టర్నేటర్ ఏ రకం, రోజుకు కరెంటు ఖర్చెంత, రెండు బ్యాటరీల మధ్య ఏ పరికరం ఉండాలి అన్న మూడూ తేలాక ఏ బ్యాటరీ కొనాలన్న ప్రశ్నకు పెద్దగా మిగిలేదేమీ ఉండదు.

అమెరికా డీజిల్, ఆస్ట్రేలియా యూట్

పికప్‌లో రెండు బ్యాటరీలు కనిపించినంత మాత్రాన అవి ఒకే పని కోసం ఉన్నాయని కాదు. అమెరికాలో ఫోర్డ్ సూపర్ డ్యూటీ, రామ్, షెవర్లే సిల్వరాడో హెవీ డ్యూటీ డీజిల్ పికప్‌లు ఫ్యాక్టరీ నుంచే జోడు బ్యాటరీలతో వస్తాయి. ఆ రెండూ ఒకే సైజువి, ఎప్పుడూ సమాంతరంగా కలిసే ఉంటాయి, రెండింటి పనీ ఇంజన్‌ను తిప్పడమే. డీజిల్ ఇంజన్ కంప్రెషన్ ఎక్కువ కాబట్టి తిప్పడానికి బలం కావాలి. పైగా 2024 మోడల్ వరకు రామ్‌లో వచ్చిన కమిన్స్ ఇంజన్‌లో, లోపలికి వెళ్ళే గాలిని వేడిచేసే గ్రిడ్ హీటర్ సొంతంగా పెద్ద మొత్తంలో కరెంటు లాగేది. ఉత్తరాది చలిలో బ్యాటరీ బలం సగానికి పడిపోవచ్చు. అందుకే అమెరికాలో బ్యాటరీ మీద ముద్రించే చలి క్రాంకింగ్ అంకెను మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 30 సెకన్ల పాటు వోల్టేజి 7.2 కంటే తగ్గకుండా ఇవ్వగలిగిన ఆంపియర్లుగా నిర్వచించారు. ఈ బళ్ళ యజమానికి ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: ఒకటి పాడైతే రెండూ మార్చాలి. కొత్తదాని పక్కన ముసలి బ్యాటరీని ఉంచితే అది కొత్తదాని చార్జిని తాగుతూ దాన్నీ పాడుచేస్తుంది.

ఎంపిక అవసరమయ్యేది రెండో సంప్రదాయంలో. ఆస్ట్రేలియాలో పికప్‌ను యూట్ అంటారు. గిప్స్‌లాండ్ ప్రాంతపు ఒక రైతు భార్య, ఆదివారం చర్చికి వెళ్ళడానికీ సోమవారం పందులను సంతకు తోలడానికీ పనికొచ్చే బండి కావాలని ఫోర్డ్ కంపెనీకి ఉత్తరం రాసిందని అక్కడ చెప్పుకుంటారు. జీలాంగ్ ఫ్యాక్టరీలో లూయీ బ్యాంట్ గీసిన నమూనాతో 1934లో తొలి ఫోర్డ్ యూట్ వచ్చింది. ఈనాడు ఆ స్థానంలో టొయోటా హైలక్స్, ఫోర్డ్ రేంజర్, ఇసుజు డి-మ్యాక్స్, ల్యాండ్ క్రూజర్ 79 వంటివి ఉన్నాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని క్యానింగ్ స్టాక్ రూట్ దాదాపు 1,850 కిలోమీటర్ల ఇసుకదారి. అలాంటి చోట బ్యాటరీ డౌన్ అయితే తోసి స్టార్ట్ చేయడానికి మనుషులు దొరకరు, ఆటోమేటిక్ గేర్ బండి తోసినా స్టార్టవదు. ఇక్కడ రెండో బ్యాటరీ ఇంజన్ జోలికి పోదు. మొదటిదాన్ని కాపాడటమే దాని ఉద్యోగం.

తిప్పే బ్యాటరీ, నడిపే బ్యాటరీ

ఇంజన్ స్టార్ట్ చేయడానికి చాలా కరెంటు ఖర్చవుతుందని అందరి భావన. లెక్క వేస్తే వేరే సంగతి తెలుస్తుంది. సెల్ఫ్ మోటారు 300 ఆంపియర్లు లాగుతూ రెండు సెకన్లు తిరిగితే ఖర్చయింది 0.17 ఆంపియర్-అవర్ మాత్రమే. ఫ్రిజ్ ఐదు నిమిషాల్లో అంతకంటే ఎక్కువ తాగుతుంది. స్టార్టింగ్‌కు కావలసింది ఒక్కసారిగా వచ్చే ధాటి, నిల్వ కాదు. అందుకే స్టార్టర్ బ్యాటరీలో సీసం ప్లేట్లు పలచగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. దాన్ని పదేపదే సగానికి దించితే ఆ పలచటి ప్లేట్ల మీది పదార్థం రాలిపోయి కొన్ని నెలల్లోనే చేతులెత్తేస్తుంది. డీప్ సైకిల్ బ్యాటరీ ప్లేట్లు మందంగా ఉంటాయి. నెమ్మదిగా, లోతుగా ఖాళీ కావడం దానికి అలవాటు.

సీసం బ్యాటరీ కెపాసిటీని మామూలుగా 20 గంటల లెక్కన రాస్తారు. వంద ఆంపియర్-అవర్ అంటే 5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు. తొందరగా లాగితే అంత రాదు. ఈ నష్టాన్ని లెక్కగట్టే సూత్రాన్ని జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ పాయ్‌కర్ట్ 1897లో ఇచ్చాడు. ఇన్వర్టర్ పెట్టి వెయ్యి వాట్ల కాఫీ మెషీన్ నడిపితే బ్యాటరీ మీద 90 ఆంపియర్ల పైనే భారం పడుతుంది. అప్పుడు వంద ఆంపియర్-అవర్ల సీసం బ్యాటరీ గంట సేపు కూడా రాదు.

లెక్క ఎలా వేయాలి

ముందు ఫ్రిజ్ సంగతి, ఎందుకంటే ఖర్చులో సింహభాగం దానిదే. నలభై, యాభై లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు సుమారు 4 ఆంపియర్లు లాగుతుంది. ఎండ బాగా ఉన్న రోజున సగం సేపు నడుస్తుందనుకుంటే రోజుకు 48 ఆంపియర్-అవర్లు. ఎల్‌ఈడీ లైట్లకు నాలుగు, ఫోన్లు, కెమెరా, పంపులకు ఎనిమిది కలిపితే 60. ఫ్రిజ్‌ను డీప్ ఫ్రీజర్‌గా వాడితే దాని వాటా ఇంకా చాలా పెరుగుతుంది. చల్లటి కాలంలో సగానికి తగ్గుతుంది.

తరువాత అడగాల్సింది బండి ఎన్నాళ్ళు కదలకుండా ఉంటుందని. రోజూ రెండున్నర గంటలు నడిపేవాడికి 25 ఆంపియర్ల చార్జర్ ఆ 60నీ తిరిగి నింపేస్తుంది. వాడికి వంద ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ చాలు. నది ఒడ్డున రెండు రోజులు డేరా వేసుకుని కూర్చునేవాడికి 120 ఆంపియర్-అవర్లు వాడుకోదగ్గవి కావాలి. సీసం బ్యాటరీని సగానికి మించి దించకూడదు కాబట్టి అతనికి 240 ఆంపియర్-అవర్ల సీసం, అంటే అరవై కిలోల పైబడిన బరువు. లిథియంను ఎనభై శాతం వరకు వాడుకోవచ్చు. 150 సరిపోతుంది, బరువు ఇరవై కిలోలకు అటూ ఇటూ. నాలుగైదు రోజులు కదలనివాడు బ్యాటరీని పెంచుకుంటూ పోవడం తెలివితక్కువ పని. ఆ డబ్బుతో సోలార్ ప్యానెల్ కొనడం మేలు. వంద వాట్ల ప్యానెల్ మిట్టమధ్యాహ్నం 5 ఆంపియర్ల పైన ఇస్తుంది, మంచి ఎండ రోజున 30 ఆంపియర్-అవర్లు పోగవుతాయి.

బరువు మాట ఊరికే అన్నది కాదు. బుల్‌బార్, వించ్, పైకప్పు డేరా, రెండో ఇంధన ట్యాంకు అన్నీ తగిలించిన యూట్ చట్టం అనుమతించిన మొత్తం బరువును మనుషులు ఎక్కకముందే తాకుతుంటుంది.

మధ్యలో ఏముండాలి

అసలు నిర్ణయమంతా ఇక్కడే ఉంది. రెండు బ్యాటరీలను ఊరికే తీగతో కలిపితే ఫ్రిజ్ రెండింటినీ ఖాళీ చేస్తుంది. బండి నడుస్తుంటే కలిసి, ఆగితే విడిపోయే ఏర్పాటు కావాలి.

మొదట్లో చేతితో తిప్పే స్విచ్చి వాడేవారు. అది బాగానే పనిచేస్తుంది, రాత్రి తిప్పడం మరిచిపోనంత వరకు. తరువాత డయోడ్ ఐసొలేటర్ వచ్చింది. కరెంటు ఒక దిక్కుకే పోనిస్తుంది కాబట్టి మరిచిపోవడమనేది లేదు గానీ, మామూలు సిలికాన్ డయోడు తన దారిలో 0.6, 0.7 వోల్టులు మింగేస్తుంది. ఆల్టర్నేటర్ 14.2 ఇస్తే బ్యాటరీకి చేరేది 13.5. సీసం బ్యాటరీ ఎప్పుడూ కాస్త కొరతతోనే ఉండి, ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, కాలం తీరకముందే పోతుంది.

ఎక్కువ కాలం రాజ్యమేలింది వోల్టేజిని చూసి పనిచేసే రిలే. బ్యాటరీ వోల్టేజి సుమారు 13.2కు ఎక్కగానే, అంటే ఇంజన్ నడుస్తోందని తెలియగానే, రిలే కలుస్తుంది, 12.7 దగ్గరకు పడగానే విడిపోతుంది. చౌక, చిన్నది, వంద ఆంపియర్లు కూడా తట్టుకుంటుంది. చాలా రకాల్లో ఒక బటన్ నొక్కి రెండు బ్యాటరీలనూ బలవంతంగా కలిపే వీలుంది. మొదటి బ్యాటరీ పడిపోయినా తన బండిని తానే జంప్ స్టార్ట్ చేసుకోవచ్చు. పాత ల్యాండ్ క్రూజర్ లాంటి, స్థిరంగా 14 వోల్టులు ఇచ్చే ఆల్టర్నేటర్ ఉన్న బండికి, సీసం బ్యాటరీకి ఇప్పటికీ ఇంతకంటే ఖరీదైనది కొనాల్సిన పనిలేదు. అమ్మేవాళ్ళు మాత్రం ఈ మాట చెప్పరు.

దాన్ని దెబ్బతీసింది కొత్త బళ్ళలో వచ్చిన స్మార్ట్ ఆల్టర్నేటర్. పొగ నిబంధనలు బిగిసేకొద్దీ ఇంజన్ మీద ప్రతి చిన్న భారాన్నీ తగ్గించాల్సి వచ్చింది. బ్యాటరీ నిండిందని ఇంజన్ కంప్యూటర్ అనుకోగానే ఆల్టర్నేటర్ వోల్టేజిని 12.5 దగ్గరకు దించేస్తుంది. బ్రేకు వేసినప్పుడు, దిగుడులో వెళ్తున్నప్పుడు ఉచితంగా దొరికే శక్తిని పట్టుకోవడానికి 15 దాకా ఎక్కిస్తుంది. ఇలాంటి బండిలో రిలే అయోమయంలో పడుతుంది. రోజంతా నడిపినా సగం సేపు విడిపోయే ఉంటుంది, రెండో బ్యాటరీ ఆకలితోనే రాత్రికి చేరుతుంది. యజమాని బ్యాటరీ చెడిందని ఇంకో బ్యాటరీ కొంటాడు, అదీ అలాగే అవుతుంది.

బండి ఏ రకమో తెలుసుకోవడం తేలిక. సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే చిన్న వోల్టుమీటరు పెట్టి, లైట్లు ఆపి, ఇంజన్ వేడెక్కాక అరగంట నడిపి చూడాలి. అంకె 13.8కి, 14.4కి మధ్య నిలకడగా ఉంటే పాత రకం. పన్నెండున్నరకు జారి, యాక్సిలరేటర్ వదలగానే పైకి ఎగిరితే స్మార్ట్ రకం. ఇంజన్ ఆన్ చేసి బండి నిలబెట్టి చూస్తే మోసపోతారు, ఎందుకంటే స్టార్టయిన తొలి నిమిషాల్లో రెండు రకాలూ ఒకేలా కనిపిస్తాయి.

స్మార్ట్ ఆల్టర్నేటర్‌కు మందు డీసీ-డీసీ చార్జర్. వచ్చిన వోల్టేజి ఎంతైనా దాన్ని ఎక్కించి, దించి, రెండో బ్యాటరీ రసాయనానికి తగ్గ అంకెలో దశలవారీగా అందిస్తుంది. ఆస్ట్రేలియా కంపెనీ రెడార్క్, స్వీడన్ కంపెనీ సీటెక్, నెదర్లాండ్స్ కంపెనీ విక్ట్రాన్ ఈ రంగంలో పేరున్నవి. చాలా నమూనాలకు సోలార్ ప్యానెల్ తీగ కూడా నేరుగా కలపొచ్చు. స్మార్ట్ ఆల్టర్నేటర్ బండిలో ఈ చార్జర్ వోల్టేజిని చూసి మేలుకోకూడదు. ఇగ్నిషన్ ఆన్ అయితేనే కరెంటు వచ్చే ఒక సన్నటి తీగను దానికి కలపాలి. ఆ తీగ మరిచిన ఫిట్టింగులే చార్జి కావడం లేదన్న ఫిర్యాదులతో వెనక్కి వస్తుంటాయి.

దీనికీ లోపాలున్నాయి. 25 లేదా 40 ఆంపియర్లకు మించి ఇవ్వని నమూనాలే ఎక్కువ, కాబట్టి గంట ప్రయాణంతో పెద్ద బ్యాటరీ నిండదు. దీని గుండా జంప్ స్టార్ట్ కుదరదు. వేడికి తన అవుట్‌పుట్‌ను తానే తగ్గించుకుంటుంది.

లిథియం పెట్టేవారికి డీసీ-డీసీ చార్జర్ విలాసం కాదు. లిథియం బ్యాటరీ అంతర్గత నిరోధం చాలా తక్కువ. ఆల్టర్నేటర్ ఎంత ఇవ్వగలిగితే అంతా లాగేస్తుంది. ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది, చల్లబడే దారి ఉండదు, పూర్తి భారం మీద వైండింగు కాలిపోతుంది. చార్జర్ ఆ దాహానికి అడ్డుకట్ట.

సీసమా, లిథియమా

నీళ్ళు పోసే మామూలు సీసం బ్యాటరీ అన్నింటికంటే చౌక, వేడిని కాస్త ఓర్చుకుంటుంది. కానీ గతుకుల దారిలో యాసిడ్ చిమ్ముతుంది, చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది. మనుషులు కూర్చునే చోట దాన్ని పెట్టకూడదు. తెలుగు ఇళ్ళలో ఇన్వర్టర్ కింద ఉండే ట్యూబులర్ బ్యాటరీ కూడా డీప్ సైకిల్ రకమే. అది చూసి బండిలోనూ అదే పెడదామన్న ఆలోచన రావడం సహజం. అది కదలని గదికోసం చేసిన పొడుగాటి, బరువైన వస్తువు; కుదుపులకు ప్లేట్లు తట్టుకోవు, పక్కకు వాలితే యాసిడ్ కారుతుంది.

ఏజీఎం రకంలో యాసిడ్‌ను గాజు నార చాపలు పీల్చుకుని ఉంటాయి. కారదు, నీళ్ళు అడగదు, కుదుపులను తట్టుకుంటుంది. వంద ఆంపియర్-అవర్ల ఏజీఎం సుమారు 30 కిలోలు. సగం దాకా వాడుతూ పోతే కొన్ని వందల సార్లు వస్తుంది. చివరి ఇరవై శాతం నిండటానికి గంటలు పడుతుంది, చార్జర్ ఎంత పెద్దదైనా అంతే. వారం రోజులు నడుస్తూ ఆగుతూ తిరిగితే అది ఎనభై శాతం దగ్గరే ఊగుతుంటుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఈ ఇబ్బందులను చాలావరకు దాటింది. ఈ పదార్థాన్ని టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడినఫ్ బృందం 1997లో ప్రకటించింది. ఆ పత్రం మొదటి రచయిత అక్షయ పాఢి, మరో రచయిత నంజుండస్వామి, ఇద్దరూ భారతీయ మూలాలవారే. లిథియం-అయాన్ బ్యాటరీలకు గాను 2019లో గుడినఫ్‌కు మరో ఇద్దరితో కలిసి నోబెల్ వచ్చింది. ఒక్కో సెల్ 3.2 వోల్టులు, నాలుగు కలిస్తే 12.8. వంద ఆంపియర్-అవర్లకు పన్నెండు కిలోలు, రెండు వేల సార్లకు పైగా ఆయుష్షు, నిండే వరకూ ఒకే వేగంతో చార్జింగ్. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉంటే చార్జి చేయకూడదు. మంచి బ్యాటరీలో రక్షణ సర్క్యూట్ దాన్ని ఆపుతుంది. చౌకబారు వాటిలో ఆ సర్క్యూట్ మీదే అనుమానం.

చార్జి ఎంత మిగిలిందో తెలుసుకునే తీరు కూడా మారిపోతుంది. సీసం బ్యాటరీని కాసేపు వదిలేసి కొలిస్తే 12.7 వోల్టులు నిండుకు, 12.2 సగానికి గుర్తు. లిథియంలో నిండు నుంచి ఖాళీ వరకు చాలా భాగం 13 వోల్టుల చుట్టూనే ఉంటుంది, వోల్టుమీటరు ఏమీ చెప్పదు. లోనికి వచ్చినదీ బయటికి పోయినదీ లెక్కపెట్టే షంట్ మానిటర్ తప్పదు.

ఎక్కడ పెట్టాలన్నది రసాయనమే చెప్పేస్తుంది. బానెట్ కింద వేడికి లిథియం పనికిరాదు, చాలా కంపెనీలు అక్కడ పెడితే వారంటీ ఇవ్వవు. ఏజీఎంకు కూడా అక్కడ త్వరగా వయసు మీదపడుతుంది. వెనక సీటు వెనుకో, తొట్టిలో మూసిన పెట్టెలోనో పెట్టాలి, అది కూడా బోల్టులతో బిగించి. బోల్తా పడిన బండిలో ముప్పై కిలోల బ్యాటరీ ఎగిరితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

తీగలు, ఫ్యూజులు, ఎర్త్

బ్యాటరీ మీద వేలు పెట్టి తీగ మీద వందలు మిగుల్చుకునే అలవాటు ఫిట్టర్లకూ ఉంది, యజమానులకూ ఉంది. 40 ఆంపియర్ల చార్జర్ తొట్టిలో ఉందనుకుందాం. ముందు బ్యాటరీ నుంచి అక్కడికి 5 మీటర్లు, తిరిగి వచ్చేది కలిపితే 10. ఆరు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే 40 ఆంపియర్ల దగ్గర 1.15 వోల్టులు దారిలోనే పోతాయి. పదహారు వేస్తే 0.43. ఇరవై అయిదు వేస్తే 0.28. పైగా చార్జర్ 40 ఇవ్వాలంటే తాను లాగేది దాదాపు 50 ఆంపియర్లు, ఎందుకంటే తక్కువ వోల్టేజిని పైకి ఎత్తాలి. కాబట్టి అసలు నష్టం ఈ అంకెల కంటే ఇంకాస్త ఎక్కువే. కొన్ని కంపెనీల ఆటో కేబుల్ మీద ముద్రించే మిల్లీమీటర్లు పైతొడుగుతో కలిపిన వ్యాసం, రాగి వైశాల్యం కాదు. ఆరు ఎమ్మెమ్ అని కొన్నది చదరపు మిల్లీమీటర్లలో అయిదు కూడా ఉండకపోవచ్చు.

తీగకు రెండు చివర్లా బ్యాటరీ ఉంది కాబట్టి ఫ్యూజు కూడా రెండు చివర్లా ఉండాలి, వీలైనంత టెర్మినల్ దగ్గరగా. ఛాసిస్‌కు ఒరుసుకుని తొడుగు చిరిగిన తీగ షార్ట్ అయితే బ్యాటరీ వెయ్యి ఆంపియర్లకు పైగా కుమ్మరించగలదు. క్షణాల్లో తీగ ఎర్రగా కాలుతుంది. ఫ్యూజు సైజు పరికరాన్ని బట్టి కాదు, తీగ ఎంత మోయగలదో దాన్ని బట్టి.

కొత్త బళ్ళలో ముందు బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద గోరంత సెన్సర్ ఉంటుంది. బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంటును అది లెక్కిస్తుంది. అదనపు పరికరాల ఎర్త్‌ను సరాసరి ఆ టెర్మినల్‌కు బిగిస్తే సెన్సర్‌ను దాటేసినట్లవుతుంది, కంప్యూటర్ లెక్క తప్పుతుంది, ఆల్టర్నేటర్ తప్పు నిర్ణయాలు తీసుకుంటుంది. ఎర్త్ ఎప్పుడూ ఛాసిస్‌కే, పెయింటు గీకి, మెరిసే లోహం మీద.

వించ్ సంగతి వేరు. పూర్తి బరువు లాగుతున్నప్పుడు నాలుగు వందల ఆంపియర్ల పైన తాగే యంత్రం అది. దాన్ని స్టార్టర్ బ్యాటరీకే కలిపి, ఇంజన్ నడుస్తుండగా వాడతారు.

మన దగ్గర

భారతదేశంలో సొంత వాడకానికి పికప్ కొనేవాళ్ళు తక్కువ. ఉన్నవాటిలో ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్ ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీ ఫ్యాక్టరీలో తయారవుతుంది. ఆ ఫ్యాక్టరీ 2016లో మొదలైంది. టొయోటా హైలక్స్ ఇక్కడికి 2022లో వచ్చింది. తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరాన్ బ్యాటరీలు చేసే అమరరాజా, లిథియం సెల్‌ల కోసం 2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో శంకుస్థాపన చేసింది. మైనస్ 18 డిగ్రీల బాధ తెలుగు నేల మీద లేదు. ఇక్కడి శత్రువు ఎండ. సీసం బ్యాటరీ ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుందన్నది ఈ రంగంలో వాడుక లెక్క. కాబట్టి రెంటచింతల, రామగుండం ఎండల్లో బానెట్ కింద రెండో బ్యాటరీ పెట్టించుకోవడం డబ్బు దండగ. బండి వారంటీలో ఉంటే అసలు వైరింగ్‌ను కోయకుండా, విడి తీగలతో, విడి ఫ్యూజులతో చేయించుకోవాలి.

అసలు అవసరం లేనివారు

వారాంతంలో ఒక రాత్రి బయట గడిపేవారికి ఇదంతా అక్కర్లేదు. బ్యాటరీ, చార్జర్, ఇన్వర్టర్ ఒకే డబ్బాలో ఉండే పోర్టబుల్ పవర్ స్టేషన్ ఒకటి, జేబులో పట్టే లిథియం జంప్ స్టార్టర్ ఒకటి ఉంటే పని గడుస్తుంది. బండి మారితే అవీ కొత్తదాంట్లోకి మారతాయి. సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి పది ఆంపియర్లకు మించి రావు కాబట్టి నెమ్మదిగా నిండుతాయి, అంతే.

ఇప్పుడు పికప్‌లే పెద్ద బ్యాటరీలను మోసుకొస్తున్నాయి. ఫోర్డ్ ఎఫ్-150 హైబ్రిడ్ 2021 మోడల్ నుంచి తొట్టిలోని సాకెట్ల ద్వారా 7.2 కిలోవాట్ల వరకు ఇస్తోంది. ఆస్ట్రేలియాకు వచ్చిన ప్లగ్-ఇన్ హైబ్రిడ్ బీవైడీ షార్క్‌లో దాదాపు 30 కిలోవాట్-అవర్ల బ్యాటరీ ఉంది. వంద ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీలో ఉండేది 1.28 మాత్రమే. అయినా వీటిలోనూ తలుపు తాళాలకూ, కంప్యూటర్లకూ ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ విడిగా ఉంది, అది పడిపోతే అంత పెద్ద బ్యాటరీ ఉన్న బండి కూడా మేలుకోదు.